బ్రిటిష్ కొలంబియా మారుమూల తీరంలో ఖాళీ దీవిని కొనడం: ఆలోచన నుంచి రిజిస్ట్రేషన్ దాకా

కెనడా పశ్చిమ తీరంలో, వాంకూవర్ ద్వీపం ఉత్తరపు కొస నుంచి అలాస్కా సరిహద్దుకు చేరువలో ఉన్న ప్రిన్స్ రూపర్ట్ వరకు, వేల సంఖ్యలో దీవులు చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిలో అత్యధిక భాగం ప్రభుత్వ భూమి. బ్రిటిష్ కొలంబియా ప్రావిన్స్ మొత్తం విస్తీర్ణంలో దాదాపు 94 శాతం ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఒకప్పుడు చేపల డబ్బాల కర్మాగారాలకు, కలప వ్యాపారులకు, కొత్తగా స్థిరపడటానికి వచ్చిన కుటుంబాలకు ప్రభుత్వం రాసిచ్చిన కొద్ది దీవులు మాత్రం చేతులు మారుతూ, వారసులు పంచుకుంటూ, అప్పుడప్పుడు అమ్మకానికి వస్తాయి. ప్రకటనల్లో ఫొటోలు ఎంతో అందంగా ఉంటాయి. ధర కూడా హైదరాబాద్ గచ్చిబౌలిలో ఒక విల్లా ధరకు దగ్గరగానో, ఒక్కోసారి అంతకంటే తక్కువగానో కనిపిస్తుంది కాబట్టి వాంకూవర్, టొరంటో, సియాటెల్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారిలోనూ, ఇక్కడి నుంచే విదేశంలో ఆస్తి కొనాలనుకునేవారిలోనూ ఈ ఆలోచన కలగడం సహజమే.

కొనడం సాధ్యమే, చట్టబద్ధమే. అయితే ఒక విషయాన్ని మొదటే మనసులో నాటుకోవాలి. దీవి విలువ దాని ఎకరాల్లో కంటే దాని అంచులో ఎక్కువగా ఉంటుంది. పడవ ఆగే చోటు, కాలు మోపే గట్టు, గాలివాన తగలని మూల, ఊరే మంచినీరు, ఇవి ఉంటేనే అది నివాసయోగ్యమైన స్థలం, లేకపోతే దూరం నుంచి చూసి రావలసిన బండ. ఆ అంచులో కీలకమైన భాగం చట్టం ప్రకారం కొనుగోలుదారుడిది కాదు. కింద చెప్పిన మెట్లన్నీ ఈ చిక్కును డబ్బు చెల్లించే ముందే విప్పుకోవడానికి ఉద్దేశించినవి.

మొదటి మెట్టు: కొనడానికి మీకు అర్హత ఉందా?

కెనడా పౌరులకు, అక్కడ శాశ్వత నివాస హోదా ఉన్నవారికి ఏ ఆటంకమూ లేదు. మిగిలినవారి విషయంలో, విదేశీయులు నివాస ఆస్తులు కొనకుండా నిషేధించే ఫెడరల్ చట్టం 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని గడువును 2027 జనవరి 1 వరకు పొడిగించారు. మారుమూల ఖాళీ దీవికి ఇది సాధారణంగా అడ్డు రాదు. ఆ నిషేధం జనగణనలో నగర, పట్టణ సముదాయాలుగా గుర్తించిన ప్రాంతాలకే వర్తిస్తుంది, పైగా 2023 మార్చి 27న తెచ్చిన సవరణతో ఖాళీ భూమిని నిషేధం నుంచి తప్పించారు. దీవి మీద పాత క్యాబిన్ ఒకటి ఉండి, అది ప్రిన్స్ రూపర్ట్ వంటి పట్టణం పరిధిలోకి వస్తే మాత్రం పరిస్థితి వేరు. అప్పుడు లాయరు రాతపూర్వకంగా చెప్పేదాకా ముందుకు వెళ్లకూడదు.

విదేశీ కొనుగోలుదారుల మీద ఈ ప్రావిన్స్ వేసే 20 శాతం అదనపు బదిలీ పన్ను కూడా వాంకూవర్ మహానగరం, ఫ్రేజర్ లోయ, విక్టోరియా, ననైమో, కెలోనా పరిసర ప్రాంతాలకే పరిమితం. మనం చెప్పుకుంటున్న దీవులుండే సెంట్రల్ కోస్ట్ (మధ్య తీరం), నార్త్ కోస్ట్ (ఉత్తర తీరం) ప్రాంతాలు ఆ జాబితాలో లేవు.

ఇంకొక అపోహను కూడా ఇక్కడే తొలగించుకోవాలి. దీవి కొన్నంత మాత్రాన కెనడాలో ఉండే హక్కు రాదు. వీసా విషయం వీసాదే, భూమి విషయం భూమిదే.

ఇండియా నుంచి డబ్బు పంపేవారికి

భారతదేశంలో నివసించే వ్యక్తి, రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 అమెరికన్ డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు, ఆ డబ్బుతో విదేశంలో స్థిరాస్తి కొనవచ్చు. ధర అంతకు మించితే, కుటుంబంలోని దగ్గరి బంధువులు ఎవరి పరిమితిలో వారు పంపిన మొత్తాలను కలిపి కొనడానికి 2022 నాటి విదేశీ పెట్టుబడుల నిబంధనలు అవకాశం ఇస్తున్నాయి. ఈ అవసరానికి ఇక్కడి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదు. సొంత డబ్బే పంపాలి. ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అది ఆదాయపు పన్నులో సర్దుబాటు అవుతుంది గానీ, రిటర్ను వేసేదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు కాబట్టి ముందే లెక్కలో పెట్టుకోవాలి.

కొన్న తరువాత ప్రతి సంవత్సరం రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి. దీవి నుంచి రూపాయి ఆదాయం లేకపోయినా ఈ బాధ్యత తప్పదు. వెల్లడించకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడే అవకాశం ఉంది.

రెండో మెట్టు: ప్రకటన పక్కన పెట్టి టైటిల్ (యాజమాన్య పత్రం) చదవడం

మన దగ్గర రిజిస్టర్ అయిన సేల్ డీడ్ లావాదేవీకి సాక్ష్యమే తప్ప యాజమాన్యానికి ప్రభుత్వ హామీ కాదు. అందుకే లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లీగల్ ఒపీనియన్ అంటూ వెనక్కి ముప్పై ఏళ్లు తవ్వుతాం. బ్రిటిష్ కొలంబియాలో ఉన్నది టారెన్స్ పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో వచ్చి, పెద్ద వివాదమై, 2024లో రద్దయిన భూమి హక్కుల చట్టం వెనుక ఉన్న భావన కూడా ఇదే. రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని ప్రభుత్వమే పూచీ పడుతుంది. ఈ రిజిస్టరును ల్యాండ్ టైటిల్ అండ్ సర్వే అథారిటీ నిర్వహిస్తుంది. ప్రతి భూమికీ తొమ్మిది అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది తెలిస్తే చాలు, కొద్దిపాటి రుసుముతో టైటిల్ ప్రతిని ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. అమ్మకందారు ఇచ్చిన కాపీ మీద ఆధారపడకుండా స్వయంగా తీసుకోవాలి.

చూడవలసిన మొదటి విషయం, అసలు అమ్ముతున్నది ఏమిటన్నది. పూర్తి యాజమాన్యమా, ప్రభుత్వ భూమి మీద లీజా, లేక దీవిని సొంతం చేసుకున్న ఒక కంపెనీలో వాటానా? ప్రకటనలో మూడింటికీ ఒకే రకమైన సూర్యాస్తమయం ఫొటో ఉంటుంది. వాటా అయితే మీకు భూమి రాదు, కొందరు అపరిచితులతో ఒక ఒప్పందం వస్తుంది. అలాంటి కొనుగోలు మంచిది కావచ్చు, చెడ్డది కావచ్చు. ఇక్కడ చెప్పేదంతా పూర్తి యాజమాన్యం గురించే.

తరువాత టైటిల్ కింది భాగంలో ఉండే భారాలు, షరతులు చదవాలి. పరిరక్షణ ఒప్పందం నమోదై ఉంటే, ఇంతకు మించి చెట్లు కొట్టకూడదనీ, ఫలానా వైపు కట్టకూడదనీ నిబంధనలు ఉండవచ్చు. అవి కొత్త యజమానికీ వర్తిస్తాయి. భూగర్భ ఖనిజాలు దాదాపు ఎప్పుడూ యజమానివి కావు. ప్రభుత్వం మొదట భూమిని రాసిచ్చినప్పుడే బొగ్గును, పెట్రోలియంను, ఇతర ఖనిజాలను తన దగ్గర ఉంచుకుంటుంది, ప్రజోపయోగ పనుల కోసం మొత్తం విస్తీర్ణంలో ఇరవయ్యో వంతు వరకు తిరిగి తీసుకునే హక్కును కూడా సాధారణంగా అట్టిపెట్టుకుంటుంది. మారుమూల దీవిలో ఇది ఆచరణకు రావడం అరుదు. అయినా ఖనిజ హక్కుల పటంలో ఆ దీవి మీద ఎవరైనా క్లెయిము వేశారేమో చూడటానికి పది నిమిషాలు చాలు.

సర్వే పటాన్ని కూడా అదే సంస్థ నుంచి తెప్పించుకోవాలి. అక్కడి భూవివరం 'డిస్ట్రిక్ట్ లాట్ ఫలానా, రేంజ్ 3, కోస్ట్ డిస్ట్రిక్ట్' అన్న తీరులో ఉంటుంది. చాలా దీవుల సర్వే వందేళ్ల కిందటిది. పడవలో తిరుగుతూ గొలుసులతో కొలిచినవారు ఎంత శ్రద్ధగా కొలిచినా, ఈ వందేళ్లలో కోత పడిన ఒడ్డు, మేట వేసిన ఇసుక ఆ పటంలో ఉండవు. టైటిల్‌లో 12 ఎకరాలు అని ఉంటే నిజంగా 12 ఎకరాలు ఉంటుందనుకోవడం పొరపాటు. ధర ఎకరాల లెక్కన కట్టకూడదన్న మాటకు ఇదొక కారణం. ఆటు సమయంలో కలిసిపోయే పక్క దిబ్బ మీకు వస్తుందా రాదా అన్నది కూడా ఈ పటమే చెప్పాలి. ఏజెంటు మాట చెల్లదు.

మూడో మెట్టు: ఒడ్డు ఎవరిదో తెలుసుకోవడం

యజమాని హద్దు 'సహజ సరిహద్దు' దగ్గర ముగుస్తుంది. నీటి ఒరిపిడి వల్ల నేల స్వభావం, మొక్కల తీరు స్పష్టంగా మారిపోయే గీత అది. ఒడ్డు మీద నిలబడితే కంటితోనే చూడవచ్చు: పైన నాచు, గడ్డి, చెట్ల వేళ్లు; కింద నల్లటి గీత, బండలకు అంటుకున్న గుల్లలు, కొట్టుకొచ్చిన దుంగలు. ఆ గీతకు కిందిదంతా, అంటే పోటుకూ ఆటుకూ మధ్య బయటపడే నేలంతా, ప్రభుత్వానిది. అక్కడ ఎవరైనా పడవ దింపి కూర్చోవచ్చు, నడవవచ్చు. 'ప్రైవేటు బీచ్' అని ప్రకటనలో ఉంటే ఆ మాటకు ఇక్కడ చట్టపరమైన అర్థం లేదు.

దీని ప్రభావం ఎంతటిదో అర్థం కావాలంటే అక్కడి ఆటుపోట్లను గుర్తు చేసుకోవాలి. విశాఖ తీరంలో నీటిమట్టపు తేడా రెండు మీటర్లకు చేరదు. ప్రిన్స్ రూపర్ట్ దగ్గర పెద్ద పోటు రోజుల్లో ఆ తేడా 7 మీటర్లు దాటుతుంది. ఉదయం పడవ నేరుగా చెట్ల మొదళ్ల దాకా వచ్చిన చోట, మధ్యాహ్నానికి జారుడు నాచు పట్టిన బండలు, బురద, ఆపైన రెండంతస్తుల ఎత్తు ఎక్కవలసిన గట్టు మిగులుతాయి. సిమెంటు బస్తా, గ్యాస్ సిలిండరు, అనారోగ్యంతో ఉన్న మనిషి, ఎవరైనా ఏదైనా ఆ ఎత్తు ఎక్కాల్సిందే. అందుకే నీటితోపాటు లేచి దిగే తేలియాడే జెట్టీ ఇక్కడ విలాసం కింద లెక్కకు రాదు.

ఆ జెట్టీ కట్టాల్సింది మాత్రం ప్రభుత్వ భూమి మీద. అందుకు ప్రావిన్స్ అనుమతి కావాలి. నౌకాయానానికి అడ్డం రాకుండా కెనడా కేంద్ర రవాణా శాఖ నిబంధనలకు లోబడి కట్టాలి. చేపల ఆవాసాన్ని దెబ్బతీయదని మత్స్యశాఖను ఒప్పించాలి. సముద్రపు గడ్డి పెరిగే చోట, ఆల్చిప్పలు తవ్వుకునే చోట అనుమతి రావడం కష్టం. ఆ తీరం మీద హక్కులున్న ఆదివాసీ జాతులతో సంప్రదింపులు జరగాలి, వాటికి నెలలు పడతాయి, కొన్నిసార్లు ఫలితం 'వద్దు' అని కూడా వస్తుంది. దీవి మీద ఇప్పటికే పాత జెట్టీ ఉంటే సంతోషించేముందు దానికి చెల్లుబాటయ్యే అనుమతి ఉందా, అది కొత్త యజమానికి బదిలీ అవుతుందా అని అడగాలి. అనుమతి లేని జెట్టీ ఆస్తి అనిపించుకోదు, దాన్ని తొలగించే ఖర్చు మీ మీద పడుతుంది.

నాలుగో మెట్టు: అక్కడ ముందునుంచీ ఉన్నవారి హక్కులు

ఈ మెట్టును దాటవేసి నష్టపోయేవారే ఎక్కువ. 'మనిషి అడుగు పడని దీవి' అని ప్రకటనల్లో రాస్తారు. ఆ తీరంలో అలాంటి దీవులు దాదాపు లేవు. హైల్‌త్సుక్ జాతి భూభాగంలోని ట్రైక్వెట్ దీవిలో పురావస్తు శాస్త్రవేత్తలు సుమారు 14,000 ఏళ్ల నాటి నివాస జాడలను గుర్తించారు. పక్కనే కాల్వర్ట్ దీవి ఒడ్డున బంకమట్టిలో దొరికిన 29 మానవ పాదముద్రలు సుమారు 13,000 ఏళ్ల నాటివని 2018లో ప్రచురించారు. వారు కాలు పెట్టింది ఎక్కడ? పడవ దిగడానికి వీలైన చోట, గాలి తగలని చోట, మంచినీరు ఉన్న చోట. ఈ రోజు మీరు ఇల్లు కట్టుకోవాలనుకునేది సరిగ్గా అక్కడే.

1846కు ముందు నాటి మానవ జాడలన్నిటికీ ఈ ప్రావిన్స్ వారసత్వ పరిరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. భూమి ప్రైవేటుదైనా సరే, ఆ చోటు ముందే రికార్డులోకి ఎక్కకపోయినా సరే. అనుమతి లేకుండా తవ్వడం నేరం. పరిశీలనకు అయ్యే ఖర్చు యజమానిదే. ఒడ్డుకు కాస్త పైన నేలను చూడండి: అడవి నేలలా గోధుమరంగులో కాకుండా నల్లగా, జిగటగా ఉండి, అందులో తెల్లటి గుల్లల తునకలు కలిసి ఉంటే అది తరతరాల భోజనాల నుంచి పేరుకున్న గుల్లల దిబ్బ. కూలిన చెట్టు వేళ్ల కింద ఇది తేలికగా బయటపడుతుంది. ఎర్ర సెడార్ మానుల మీద కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ బెరడు లేని పొడవాటి మచ్చ కనిపిస్తే, అది పూర్వం నార కోసం బెరడు ఒలిచిన గుర్తు. ఇలాంటివి కనిపిస్తే చేయి పెట్టకుండా ఫొటో తీసి, స్థానం రాసుకోవాలి.

ప్రావిన్స్ పురావస్తు విభాగానికి భూమి గుర్తింపు సంఖ్యతో దరఖాస్తు పెడితే, రికార్డులో ఏమైనా ఉందో లేదో చెబుతారు. ఇది తప్పనిసరి. అయితే 'ఏమీ నమోదు కాలేదు' అన్న సమాధానానికి 'ఏమీ లేదు' అని అర్థం చెప్పుకోకూడదు. చాలా దీవులను ఎవరూ సర్వే చేయనేలేదు. ఇల్లు కట్టాలన్న ఉద్దేశం గట్టిగా ఉంటే, కొనేముందే ఒక పురావస్తు నిపుణుడిని వెంట తీసుకెళ్లడం మంచిది.

ఈ విషయంలో ఉదాహరణగా దక్షిణాన సాల్ట్ స్ప్రింగ్ దీవి పక్కన, గాంజెస్ రేవులో ఉన్న గ్రేస్ ఐలెట్‌ను చెప్పుకోవాలి. ఆ చిన్న దీవి మీద ఆదివాసీల సమాధి రాళ్ల గుట్టలు ఉన్నాయి. అధికారుల అనుమతి పొందే యజమాని అక్కడ ఇల్లు కట్టడం మొదలుపెట్టారు. 2014లో నిరసనలు పెరిగాయి, నిర్మాణం ఆగింది, చివరికి 2015లో ప్రభుత్వమే 54.5 లక్షల కెనడా డాలర్లు చెల్లించి దీవిని తీసుకుంది. డబ్బు వచ్చింది కదా అని తేలికగా తీసుకోవద్దు. అలా కొనడానికి ప్రభుత్వం కట్టుబడి లేదు, సమాధుల మీద ఇల్లు కట్టాలన్న కోరికే మనకు ఉండకూడదు.

ఇక టైటిల్ విషయం. ఈ తీరంలో చాలా భాగాన్ని ఆదివాసీ జాతులు ఒప్పందం ద్వారా ఎన్నడూ వదులుకోలేదు. 2014లో చిల్‌కోటిన్ కేసులో కెనడా సుప్రీంకోర్టు తొలిసారి ఒక నిర్దిష్ట భూభాగం మీద ఆదివాసీ హక్కును ప్రకటించింది. 2024లో ఉత్తర తీరానికి ఎదురుగా ఉన్న హైడా గ్వాయి దీవుల సముదాయం అంతటా హైడా జాతి హక్కును ప్రావిన్స్ గుర్తించింది. ప్రైవేటు టైటిళ్లు యథాతథంగా ఉంటాయని ఆ ఒప్పందం చెబుతుంది. 2025 ఆగస్టులో కౌవిచన్ కేసులో బ్రిటిష్ కొలంబియా సుప్రీంకోర్టు రిచ్‌మండ్ నగరంలో ప్రైవేటు భూములు కూడా ఉన్న ఒక ప్రాంతం మీద ఆదివాసీ హక్కును ప్రకటించడంతో పెద్ద చర్చ మొదలైంది, తీర్పు అప్పీలుకు వెళ్లింది. దీని పర్యవసానం తేలడానికి సంవత్సరాలు పడుతుంది. భయపడి మానుకోమని చెప్పడం లేదు. మీ లాయరు ఈ విషయాన్ని ప్రస్తావించకపోతే మీరే అడగాలి. స్థానిక జాతి పరిపాలనా కార్యాలయానికి కొనేముందే ఒక మర్యాదపూర్వకమైన ఉత్తరం రాసి, ఆ దీవి వారికి ఏమవుతుందో తెలుసుకోవడం నా దృష్టిలో అన్ని పరిశీలనల కంటే ముఖ్యమైనది. ఆపద వస్తే మొదట పడవ వేసుకుని వచ్చేది కూడా వారే. 2015లో టోఫినో దగ్గర తిమింగలాలను చూపించే పడవ మునిగినప్పుడు ముందుగా చేరి ప్రాణాలు కాపాడింది అహౌసాట్ జాతి మనుషులే.

ఐదో మెట్టు: వెళ్లి చూడటం

చూడకుండా కొనకూడదు. జులైలో ఒక మధ్యాహ్నం చూసి వచ్చినా చూసినట్టు కాదు.

సెంట్రల్ కోస్ట్ దీవులకు పోర్ట్ హార్డీ లేదా బెల్లా బెల్లా, ఉత్తరాది వాటికి ప్రిన్స్ రూపర్ట్ ప్రయాణ కేంద్రాలు. అక్కడి నుంచి అద్దె పడవ లేదా నీటి మీద దిగే చిన్న విమానం. వాతావరణం అనుకూలించక రోజుల తరబడి ఆగిపోవడం మామూలే కాబట్టి తిరుగు ప్రయాణం టికెట్ గట్టిగా పెట్టుకోకూడదు. స్థానికంగా పడవ నడిపే వ్యక్తిని, ఏజెంటు సూచించినవారు కాకుండా, మీరే కుదుర్చుకోవాలి. 'ఈ దీవి దగ్గర నవంబరులో లంగరు వేస్తారా?' అన్న ఒక్క ప్రశ్నకు అతను ఇచ్చే సమాధానం పది ప్రకటనల పెట్టు. చలికాలపు తుఫానులు ప్రధానంగా ఆగ్నేయ దిక్కు నుంచి వస్తాయి. ఒకే ఒక్క దిగుడు చోటు ఆ దిక్కుకు తెరుచుకుని ఉంటే, అక్టోబరు నుంచి మార్చి దాకా ఆ దీవి మీకు లేనట్టే.

ఒకే రోజు పూర్తి పోటులోనూ, పూర్తి ఆటులోనూ ఒడ్డును చూసేలా ప్రయాణం కుదుర్చుకోవాలి. కెనడా ప్రభుత్వ పట్టికల్లో ఆ వేళలు ముందే దొరుకుతాయి. దిగిన తరువాత దీవి చుట్టూ, ఆపైన లోపలికి నడవాలి. నడక అంటే తేలిక కాదు. సలాల్ అనే పొద ఛాతీ ఎత్తున అల్లుకుపోయి ఉంటుంది, కూలిన మానులు ఒకదాని మీద ఒకటి పడి నాచు కప్పుకుని ఉంటాయి, అడుగు వేస్తే నేల అనుకున్నది లోపల బోలుగా ఉంటుంది. ఒక ఇనుప కడ్డీ వెంట ఉంచుకుని అక్కడక్కడా గుచ్చి చూడాలి. జానెడు లోతులోనే బండ తగులుతుంటే మురుగు పారించే నేల లేదని అర్థం. వాలిన చెట్లన్నీ ఒకే దిక్కుకు పడి ఉంటే గాలి ఎటు నుంచి దెబ్బ కొడుతుందో తెలుస్తుంది. డేగ గూళ్లు ఎక్కడున్నాయో చూడాలి: ఈ ప్రావిన్స్ వన్యప్రాణి చట్టం డేగ గూటిని, అందులో పక్షి ఉన్నా లేకపోయినా, ఏడాది పొడవునా కాపాడుతుంది. ఆ చెట్టును కొట్టరాదు.

ఎత్తు కూడా కొలుచుకోవాలి. 1964లో అలాస్కా భూకంపం పుట్టించిన సునామీ వాంకూవర్ ద్వీపంలోని పోర్ట్ అల్బెర్నీని ముంచింది. 2012 అక్టోబరులో హైడా గ్వాయి దగ్గర 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. నాలుగు మీటర్ల ఎత్తు మాత్రమే ఉన్న చదునైన దీవి చూడటానికి ఎంత ముద్దుగా ఉన్నా పరిగెత్తడానికి చోటు లేని స్థలం.

ఆరో మెట్టు: నీరు, మురుగు, నిర్మాణం

ప్రిన్స్ రూపర్ట్‌లో ఏడాదికి సగటున 2,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, హైదరాబాద్‌కు మూడింతలు. అయినా చిన్న దీవి మీద మంచినీటికి ఇబ్బంది ఉంటుంది, ఎందుకంటే పడిన నీరు ఆగడానికి మట్టి లేదు, బావి తవ్వితే ఉప్పునీరు ఊరే ప్రమాదం ఉంది, చిత్తడి నుంచి వచ్చే నీరు టీ డికాషన్ రంగులో ఉంటుంది. కప్పు మీద పడ్డ వాన పట్టి, పెద్ద ట్యాంకుల్లో నిలవ చేసి, వడగట్టి వాడుకోవడమే చాలామంది అనుసరించే మార్గం. వేసవిలో వారాల తరబడి వాన లేని రోజులకు సరిపడా ట్యాంకులు పెట్టుకోవాలి.

మురుగునీటి వ్యవస్థను ఆ పనికి నమోదైన నిపుణుడే రూపొందించి ఆరోగ్య అధికారులకు దాఖలు చేయాలి. మట్టి లేని బండ దీవి మీద మామూలు సెప్టిక్ ట్యాంకు పద్ధతి కుదరదు, ప్రత్యామ్నాయాలకు ఖర్చు పెరుగుతుంది.

భూవినియోగ నిబంధనల కోసం ఆ ప్రాంతపు రీజినల్ డిస్ట్రిక్ట్ (స్థానిక పాలనా సంస్థ) కార్యాలయాన్ని అడగాలి. మారుమూల చోట్ల కొన్నిటికి జోనింగు (ఏ స్థలాన్ని దేనికి వాడవచ్చో చెప్పే నిబంధన) లేదు, నిర్మాణ తనిఖీ లేదు. అంతమాత్రాన నిర్మాణ నియమావళి వర్తించదని కాదు. అది ప్రావిన్స్ అంతటికీ వర్తిస్తుంది, తరువాత అమ్మేటప్పుడు అడుగుతారు. సామాను అంతా బార్జి మీదే రావాలి, పనివాళ్లకు వసతి, భోజనం మీరే చూడాలి. ఇల్లు కట్టే ఖర్చు దీవి ధరను మించిపోవడం అక్కడ సాధారణం. డిసెంబరులో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు కాబట్టి సౌర విద్యుత్తుకు తోడు జనరేటరు తప్పదు. ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చాక సమాచార సౌకర్యం మెరుగుపడింది, అయినా సముద్రపు వీహెచ్ఎఫ్ రేడియో లేకుండా అక్కడ ఒక రాత్రి కూడా గడపకూడదు.

ఏడో మెట్టు: బేరం, షరతులు, రిజిస్ట్రేషన్

బ్యాంకులు ఇలాంటి భూమి మీద అప్పు ఇవ్వడం చాలా అరుదు. కొందరు అమ్మకందారులు తామే వాయిదాలకు ఒప్పుకుంటారు. ధర నిర్ణయానికి ప్రభుత్వ మదింపు సంస్థ విలువ ఒక ఆధారమే గానీ, పోల్చడానికి పక్క దీవుల అమ్మకాలు తక్కువ కాబట్టి దాన్ని గుడ్డిగా నమ్మలేం. ఏళ్ల తరబడి అమ్మకానికి ఉన్న దీవులు చాలా ఉంటాయి. తొందరపెట్టే ఏజెంటు మాటకు లొంగవద్దు. అవసరమైతే అదే దీవి వచ్చే ఏడాదీ ఉంటుంది. ఇదే మాట మీరు తిరిగి అమ్మాలనుకున్నప్పుడూ వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి.

కొనుగోలు ఒప్పందంలో షరతులే మీ రక్షణ. టైటిల్ పరిశీలన, పురావస్తు సమాధానం, జెట్టీ అనుమతి బదిలీ, మురుగు నిపుణుడి నివేదిక, స్వయంగా చూసిన తరువాత సంతృప్తి, డబ్బు పంపడానికి భారతీయ బ్యాంకు ఆమోదం, ఇవి నెరవేరకపోతే ఒప్పందం రద్దయి బయానా తిరిగి రావాలని స్పష్టంగా రాయించాలి. గడువు కనీసం రెండు, మూడు నెలలు అడగాలి. నగరంలో ఇంటికి ఇచ్చే వారం, పది రోజుల గడువు ఇక్కడ సరిపోదు. ఇల్లు కొన్నవారు మూడు పనిదినాల్లో మనసు మార్చుకోవడానికి 2023 నుంచి అమల్లో ఉన్న వెసులుబాటు ఖాళీ భూమికి వర్తించదు. బయానా అమ్మకందారు చేతికి కాకుండా ఏజెన్సీ లేదా లాయరు ట్రస్టు ఖాతాలోకే వెళ్లాలి.

బదిలీ పత్రాలను బ్రిటిష్ కొలంబియా లాయరు గానీ, అక్కడి నోటరీ గానీ తయారు చేస్తారు. దీవుల లావాదేవీలో అనుభవం ఉన్న లాయరునే ఎంచుకోవడం మంచిది. బదిలీ పన్ను మొదటి 2 లక్షల డాలర్ల మీద 1 శాతం, ఆపైన 20 లక్షల వరకు 2 శాతం. అంటే 4 లక్షల డాలర్ల దీవికి 6,000 డాలర్లు. వ్యక్తులు సొంతానికి వాడుకున్న ఖాళీ భూమిని అమ్మితే సాధారణంగా జీఎస్‌టీ ఉండదు, కంపెనీ అమ్మితే 5 శాతం పడవచ్చు. ఇది ఎవరు కట్టాలో ఒప్పందంలోనే తేలాలి. అమ్మకందారు కెనడా నివాసి కాకపోతే, పన్నుశాఖ ధ్రువపత్రం తీసుకురానిదే ధరలో కొంత భాగాన్ని లాయరు ఆపి ఉంచాలి. అలా చేయకపోతే ఆ పన్ను బాధ్యత కొన్నవారి మీదికి వస్తుంది. మీరు కంపెనీ లేదా ట్రస్టు పేరున కొంటే, వెనుక ఉన్న అసలు మనుషులెవరో 2020లో మొదలైన పారదర్శకత రిజిస్టరులో వెల్లడించాలి.

కొన్న తరువాత

ఆస్తి పన్ను నోటీసు ప్రతి వేసవిలో వస్తుంది, గడువు జులై మొదట్లో. గ్రామీణ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి కట్టకపోతే భూమి ప్రభుత్వపరం అవుతుంది కాబట్టి, ఇండియాలో ఉండేవారు నోటీసు తమకు చేరే చిరునామా ఇవ్వాలి. ఖాళీ దీవి మీద బీమా అవసరం పెద్దగా కనిపించకపోయినా, అక్కడ ఎవరైనా జారిపడితే వచ్చే బాధ్యతకు పాలసీ తీసుకోవాలి. భవనానికి అగ్ని బీమా దొరకడం కష్టం, అగ్నిమాపక పడవ రాదు కదా. ఒడ్డున దొరికే ఆల్చిప్పలను మత్స్యశాఖ ప్రకటనలు చూడకుండా తినకూడదు. కొన్ని కాలాల్లో వాటిలో చేరే విషం వండినా పోదు, అది ప్రాణాంతకం.

మొదటి ఏడాది ఏమీ కట్టకపోవడం ఉత్తమం. ఒక గుడారం, ఒక వర్షమాపకం, ఎండలో వానలో నిలిచే ఒక ఆటోమేటిక్ కెమెరా చాలు. దగ్గరి ఊరిలో పడవ ఉన్న వ్యక్తికి నెలకు ఇంత అని ఇచ్చి, ప్రతి పెద్ద తుఫాను తరువాత దిగి ఫొటోలు పంపమని కుదుర్చుకోవాలి. ఏ చెట్లు పడ్డాయి, అలలు ఎంత ఎత్తు దాకా దుంగలను తెచ్చి వేశాయి, ఆగస్టులో ఏ గుంట ఎండిపోయింది, నవంబరులో ఎన్ని రోజులు దిగడం సాధ్యమైంది అన్న నాలుగు వివరాలు చేతికి వచ్చాకే ఇంటి నమూనా గీయించాలి, జెట్టీకి దరఖాస్తు పెట్టాలి.